పదో ప్రయత్నానికి ముందు: పాస్‌కోడ్ మర్చిపోయిన ఐఫోన్ 11, ఒక కేస్ స్టడీ

మా ఫోన్ రిపేరు బెంచికి వచ్చిన ఈ కేసులో విడివిడిగా చూస్తే ప్రతి పనీ మామూలుదే. వరుస తప్పితే మాత్రం వెనక్కి దిద్దుకోలేని పనులవి. అందుకే ఏ దగ్గర ఎందుకు ఆగామో కాస్త వివరంగా రాస్తున్నాం. ఓనరును గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

నేపథ్యం

ఫోన్ ఐఫోన్ 11, 128 జీబీ. ఓనరు రిటైరైన టీచరమ్మ. కొడుకు అమెరికాలో కొని, రెండేళ్లు వాడి, సెలవులకు వచ్చినప్పుడు తల్లికి ఇచ్చి వెళ్లాడు. తన ఖాతా తీసేసి, ఆమె పేరుతో కొత్త యాపిల్ ఐడీ చేశాడు. అంతవరకూ పద్ధతిగానే ఉంది. కానీ ఆ ఐడీకి ఓటీపీ వెళ్లే నంబరుగా తన అమెరికా నంబరు ఒక్కటే పెట్టాడు. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో ఇది మాకు తరచూ కనిపించే ఏర్పాటే. ఫోన్ బాగున్నన్నాళ్లూ దాని ఇబ్బంది ఎవరికీ తెలియదు.

ఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ పాత ఐఓఎస్ 14. స్టోరేజి చాలడం లేదని వచ్చిన ప్రతి అప్‌డేట్‌నూ పక్కకు నెట్టేస్తూ వచ్చారు.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె 6 అంకెల పాస్‌కోడ్ మార్చుకున్నారు. ఆ తర్వాత వారమంతా ఫోన్ మొహం చూపిస్తేనే తెరుచుకుంది. కొత్త కోడ్ ఒక్కసారి కూడా కొట్టాల్సిన అవసరం రాలేదు. మళ్లీ ఆదివారం పొద్దున్నే ఫోన్ మొహాన్ని ఒప్పుకోక పాస్‌కోడ్ అడిగింది.

అది ఫోన్ పాడై అడగడం కాదు, నిబంధన ప్రకారమే అడిగింది. పాస్‌కోడ్ కొట్టి 156 గంటలు, అంటే ఆరున్నర రోజులు దాటి, ఆపైన గత 4 గంటల్లో ఫేస్ ఐడీతో ఒక్కసారి కూడా తెరవకపోతే ఐఫోన్ తప్పనిసరిగా కోడ్ అడుగుతుంది. రాత్రి నిద్రలో ఆ 4 గంటలూ ఎలాగూ గడిచిపోతాయి. అందుకే "నిన్న రాత్రి దాకా బాగానే ఉంది" అంటూ పొద్దున్నే మాకు వచ్చే కాల్స్ ఎక్కువ. ఐఓఎస్ 17 నుంచి ఇంకో వెసులుబాటు ఉంది. కోడ్ మార్చిన 72 గంటల లోపల అయితే పాత కోడ్ కొట్టి లోపలికి వెళ్లి కొత్తది పెట్టుకోవచ్చు. ఈ రెండు గడువులనూ పక్కపక్కన పెట్టి చూడండి. 72 గంటలు బుధవారం సాయంత్రానికే అయిపోతాయి, 156 గంటలు ఆదివారం పొద్దున పూర్తవుతాయి. ఫోన్‌లో ఐఓఎస్ 17 ఉన్నా ఈమెకు ఆ వెసులుబాటు అందేది కాదు.

ఆ ఆదివారం ఇంట్లో తలా ఒక అంకె చెప్పారు. 1 నిమిషం, 5 నిమిషాలు, 15 నిమిషాలు అంటూ మళ్లీ కొట్టేందుకు ఆగాల్సిన గడువు పెరుగుతుంటే భయపడి పక్కింటి అబ్బాయిని పిలిచారు. అతను రీస్టార్ట్ చేశాడు. దాంతో ఒరిగిందేమీ లేదు. రీస్టార్ట్ తర్వాత ఒక్కసారైనా పాస్‌కోడ్ కొట్టేదాకా ఫోన్ మొహం చూడదు, ఇంట్లో వైఫైకి కూడా అతుక్కోదు. లాక్ గడువు కూడా రీస్టార్ట్‌తో తగ్గదు, ఉన్న గడువు మొదటి నుంచి మళ్లీ లెక్కకొస్తుంది. కాల్స్ రావాలని సిమ్ తీసి పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేశారు. మధ్యలో ఒక చోట "డేటా పోకుండా లాక్ తీస్తాం" అన్న మాట కూడా విన్నారు.

ఫోన్ చేతికి వచ్చేసరికి

స్క్రీన్ మీద "ఐఫోన్ ఈజ్ డిసేబుల్డ్, ట్రై ఎగైన్ ఇన్ 60 మినిట్స్" అని ఉంది. ఐఓఎస్ 14లో ఈ 60 నిమిషాల మాటకు అర్థం ఒక్కటే: 9 తప్పులు అయిపోయాయి, మిగిలింది ఒక్క ప్రయత్నం. పదోదీ తప్పితే "కనెక్ట్ టు ఐట్యూన్స్" వస్తుంది, అంటే కంప్యూటర్‌లో ఐఫోన్‌ను చూసుకునే యాపిల్ ప్రోగ్రాం ఐట్యూన్స్‌కు కలపమని. ఆ తర్వాత అంకెలు కొట్టే చోటే ఉండదు. సెట్టింగ్స్‌లో ఎరేజ్ డేటా ఆన్ చేసి ఉంటే పదో తప్పుతో ఫోనే తుడిచేసుకుంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో ఆమెకు తెలియదు.

బెంచి మీద పెట్టగానే ఆమె అడిగిన మొదటి మాట: "బాబూ, ఫొటోలు పోతాయా?"

"అవి ఐక్లౌడ్‌లో, అంటే నెట్‌లో యాపిల్ దాచే చోట, ఉన్నాయో లేదో చూసేదాకా చెప్పలేమమ్మా. చూసేదాకా ఇంకో అంకె కొట్టొద్దు."

డేటా పోకుండా లాక్ తీయడం మా పరిధిలో ఎందుకు కాదో ఆమెకు కాగితం మీద లెక్కేసి చూపించాం. 6 అంకెల కోడ్‌కు 10 లక్షల కలయికలు. ఒక్కో కోడ్ సరి చూడటానికి ఫోన్‌కు పట్టేది సుమారు 80 మిల్లీసెకన్లు. అడ్డేమీ లేకపోతే అన్నీ చూడటానికి దాదాపు 22 గంటలు చాలు. కాబట్టి కాపాడుతున్నది కోడ్ పొడవు కాదు. తప్పులు లెక్కపెట్టి గడువు విధించే సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే విడి భాగం అది. ఫోటోల తాళం చెవి ఆ కోడ్‌తో, ఆ చిప్‌లోనే పుట్టే రహస్య సంఖ్యతో కలిసి తయారవుతుంది. మెమరీ చిప్ ఊడదీసి ఇంకో బోర్డు మీద పెట్టినా అక్షరం ముక్క రాదు. లెక్క అర్థమయ్యాక ఆమె రెండోసారి ఆ మాట అడగలేదు.

ఫోన్ ఎవరిదో తేల్చుకోవడం కూడా ఇక్కడే చేశాం. కొడుకు మెయిల్‌లో ఉన్న కొన్న బిల్లు తెప్పించి, దాని మీది ఐఎంఈఐని (ఒక్కో ఫోన్‌కు ఉండే విడి నంబరు) సిమ్ ట్రే మీద చెక్కిన ఐఎంఈఐతో పోల్చాం. ఇది లేకుండా లాక్ పడిన ఏ ఫోన్‌నూ ముట్టుకోం.

ముందు ఖాతా, తర్వాతే ఫోన్

ఫోన్‌ను తుడిచి సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించే రీస్టోర్ కొట్టడం సులువు, అరగంటలో ఫోన్ ఖాళీ అవుతుంది. అయితే పోయిన ఫోన్‌ను వెతికిపెట్టే ఫైండ్ మై ఐఫోన్ ఆన్‌లో ఉన్న ఫోన్ తుడిచాక మొదట అడిగేది పాత యాపిల్ ఐడీ, దాని పాస్‌వర్డ్. జనం ఐక్లౌడ్ లాక్ అనే ఆక్టివేషన్ లాక్ ఇదే. పాస్‌వర్డ్ తెలియకుండా రీస్టోర్ చేస్తే ఒక తాళం తీసి ఇంకో పెద్ద తాళం తగిలించినట్టే. పైగా మిగిలి ఉన్న ఆ ఒక్క ప్రయత్నం కూడా పోతుంది.

డైరీలో రాసుకున్న పాస్‌వర్డ్ ఐక్లౌడ్ సైటులో పని చేయలేదు. కొడుకు ఎప్పుడో మార్చాడట, ఏమని మార్చాడో అతనికీ గుర్తు లేదు. పాస్‌వర్డ్ మర్చిపోయిన వాళ్ల కోసం యాపిల్ పెట్టిన ఐఫర్గాట్ పేజీలో అతనే అక్కడి నుంచి మొదలుపెట్టాడు. చేతిలో ఓటీపీ నంబరు ఉంది కానీ, అదే ఐడీతో తెరిచి ఉన్న ఇంకో పరికరం ఏదీ లేదు. దాంతో అది ఖాతా రికవరీ నిరీక్షణలోకి వెళ్లింది, ఆరు రోజుల తర్వాతి తేదీ చూపించింది.

ఈ ఆరు రోజులూ ఫోన్ స్విచాఫ్ చేసి ఉంచాం. నిరీక్షణ నడుస్తుండగా అదే ఐడీ ఉన్న పరికరం వాడుకలో కనబడితే అభ్యర్థన రద్దయ్యే వీలుంది, ఆపి ఉంచమని యాపిలే చెబుతుంది. "ఆన్ చేసి చూద్దామా" అని రెండుసార్లు ఫోన్ వచ్చింది. వద్దన్నాం. ఆ లోపల వాట్సాప్‌ను పాత ఆండ్రాయిడ్‌లో మొదలుపెట్టొద్దని కూడా చెప్పాం. ఐఫోన్ వాట్సాప్ బ్యాకప్ ఐక్లౌడ్‌లో ఉంటుంది, ఆండ్రాయిడ్ దాన్ని ఎత్తుకోలేదు. మెసేజ్‌లు రెండు చోట్ల ముక్కలవుతాయి.

ఏడో రోజు కొత్త పాస్‌వర్డ్ చేతికొచ్చింది. ఐక్లౌడ్ సైటు తెరిస్తే కాంటాక్టులు, నోట్స్ తాజాగా ఉన్నాయి. ఫోటోలు మాత్రం ఐదు నెలల కిందటి దగ్గర ఆగిపోయాయి. ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండిపోయి, అప్పటి నుంచి ఏదీ ఎక్కలేదు. ఆ ఐదు నెలల్లో మనవరాలి అన్నప్రాసన ఉంది.

పదో ప్రయత్నం

ఇప్పుడు ఆ ఒక్క ప్రయత్నానికి విలువ ఎంతో తెలిసింది. దాన్ని వాడేముందు ఫోన్ ముట్టుకోకుండా గుర్తు చేసుకునే పని పెట్టాం.

మొదట, ఆ ఆదివారం ఎవరెవరు ఏ అంకెలు కొట్టారో రాయమన్నాం. తొమ్మిదిలో ఆరు దొరికాయి. అన్నీ పుట్టినరోజులు, పెళ్లిరోజులు. అందులో మనవరాలి పుట్టినరోజును రోజు, నెల, సంవత్సరంగా కొట్టారు. నెల ముందు పెట్టి ఎవరూ కొట్టినట్టు లేదు. ఫోన్ మొదట అమెరికా పద్ధతిలో ఉండేది కాబట్టి ఆ వరుస కూడా జాబితాలో చేర్చాం.

తర్వాత పాత ఆండ్రాయిడ్‌లో డయల్ ప్యాడ్ తెరిచి ఆమె చేతికిచ్చాం. ఆలోచించకుండా, మాట్లాడుతూనే, లాక్ తీస్తున్నట్టు కొట్టమన్నాం. అంకెలు బుర్రకు గుర్తు లేకపోయినా ఒక్కోసారి బొటనవేలికి గుర్తుంటాయి. దీనికి క్యాలిక్యులేటర్ వాడకూడదు. డయల్ ప్యాడ్‌లోనూ ఐఫోన్ లాక్ స్క్రీన్‌లోనూ పై వరుస 1, 2, 3. క్యాలిక్యులేటర్‌లో పై వరుస 7, 8, 9. వేలు తడబడుతుంది. పదిసార్లు కొట్టించాం. ఏడుసార్లు మొదటి నాలుగంకెలు ఒకటే వచ్చాయి, చివరి రెండే మారాయి. కొత్త కోడ్ పెట్టుకున్నాక ఒక్కసారి కూడా వాడలేదు కదా, వేలికి అలవాటు పడే అవకాశమే తక్కువ. అయినా దొరికిన వాటిలో ఇదే గట్టి ఆధారం.

పోతే ఏమేం పోతాయో తెలుగులో కాగితం మీద రాసి, చదివి వినిపించి సంతకం తీసుకున్నాం. 60 నిమిషాలు పూర్తయ్యాక ఆమే స్వయంగా కొట్టారు. తప్పు. "కనెక్ట్ టు ఐట్యూన్స్" వచ్చింది.

ఇంకో వారం ఆగి ఉండాల్సిందా? ఈ ప్రశ్న మేం చాలాసార్లు వేసుకున్నాం. రోజురోజుకూ ఆమె చెప్పే అంకెలు మారిపోతూ వచ్చాయి, ఇంట్లో వాళ్లు అనే అంకెలు ఆమె జ్ఞాపకంలో కలిసిపోయాయి. ఆగితే మసక పెరుగుతుంది తప్ప తగ్గదని మా అంచనా. నిజంగా నష్టం జరిగింది మొదటి ఆదివారమే, ఒక లెక్క లేకుండా తొమ్మిది ప్రయత్నాలు ఖర్చైనప్పుడు.

రీస్టోర్: కంప్యూటర్ ఫోన్‌ను చూడకపోవడం

లాక్‌లో గంట దాటిన ఐఫోన్ కేబుల్ ద్వారా ఛార్జింగ్ తీసుకుంటుంది కానీ కంప్యూటర్‌తో మాట్లాడదు. మాట్లాడాలంటే పాస్‌కోడ్ కావాలి. అందుకే పాస్‌కోడ్ లేకుండానే రీస్టోర్ చేయనిచ్చే రికవరీ మోడ్. ఐఫోన్ 8, దాని తర్వాతి వాటికి పద్ధతి ఇది: ఫోన్ పూర్తిగా ఆపాలి. కుడిపక్క బటన్ నొక్కి పట్టుకునే కేబుల్ గుచ్చాలి. యాపిల్ గుర్తు కనబడగానే వేలు తీసేయడం అందరూ చేసే తప్పు, తీస్తే మామూలుగా ఆన్ అవుతుంది. కంప్యూటరు, కేబుల్ బొమ్మ వచ్చేదాకా పట్టుకోవాలి.

బొమ్మ వచ్చింది. ఐట్యూన్స్‌లో మాత్రం ఫోన్ కనబడలేదు. ఇలాంటప్పుడు కింది నుంచి పైకి ఒక్కో మెట్టూ చూసుకుంటూ పోవాలి: కేబుల్, డ్రైవర్, వెనక నడిచే సర్వీస్, ఐట్యూన్స్, ఆఖరున ఇంటర్నెట్. కింది మెట్టు తేల్చకుండా పై మెట్టు మార్చితే పూట గడిచిపోతుంది.

కేబుల్ మార్చి, హబ్ తీసేసి, డెస్క్‌టాప్ వెనక పోర్టులో నేరుగా పెట్టాం. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ఫోన్ పసుపు గుర్తుతో "అదర్ డివైసెస్" కింద కూర్చుంది. అంటే కేబుల్ మంచిదే, విండోస్‌కు ఏదో వచ్చిందని తెలుస్తోంది, దాంతో మాట్లాడే డ్రైవర్ లేదు. అన్నీ బాగుంటే యూఎస్‌బీ విభాగం కింద "యాపిల్ మొబైల్ డివైస్, రికవరీ మోడ్" అని కనబడాలి.

కంప్యూటర్‌లో ఉన్నది మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దించిన ఐట్యూన్స్. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వస్తుంది. నెట్ డేటా మిగులుతుందని ఆ కంప్యూటర్‌లో విండోస్ అప్‌డేట్ ఎప్పుడో ఆపేసి ఉంది. "డ్రైవర్ ఆటోమేటిగ్గా వెతుకు" అన్నా ఏమీ దొరక్కపోవడానికి కారణం అదే. యాపిల్ సైటు నుంచి దించే ఇన్‌స్టాలర్‌లో డ్రైవర్లు లోపలే ఉంటాయి కాబట్టి దానికి మారాలని నిర్ణయించాం.

స్టోర్ ఐట్యూన్స్ తీసేసి కొత్తది వేస్తే మధ్యలో ఆగింది: యాపిల్ మొబైల్ డివైస్ సర్వీస్ స్టార్ట్ కాలేదు, సర్వీసులు నడిపే అధికారం ఉందో చూసుకోండి అని. ఇది చదివి అందరూ అడ్మినిస్ట్రేటర్‌గా మళ్లీ నడుపుతారు. మేమూ నడిపాం, మళ్లీ అదే. ఏ ముక్క దగ్గర ఆగుతోందో తేల్చడానికి ఇన్‌స్టాలర్‌ను మూట ఫైళ్లు విప్పే 7-జిప్‌తో విప్పాం. లోపల ఒక్కో భాగానికి విడి ఇన్‌స్టాల్ ఫైలు (ఎంఎస్ఐ) ఉంటుంది: మొబైల్ డివైస్ సపోర్ట్, బాన్‌జూర్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఐట్యూన్స్. మొబైల్ డివైస్ సపోర్ట్ ఒక్కటే విడిగా నడిపితే అక్కడే ఆగింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కామన్ ఫైల్స్, అందులో యాపిల్ ఫోల్డర్ తెరిస్తే ఏళ్ల నాటి పాత వెర్షన్ మిగులు ఫైళ్లు అలాగే ఉన్నాయి. కొత్త సర్వీస్ పాత ఫైళ్ల మీద లేవలేకపోతోంది.

భాగాలు తీసేయడానికి ఒక వరుస ఉంది. ముందు ఐట్యూన్స్, తర్వాత యాపిల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, మొబైల్ డివైస్ సపోర్ట్, బాన్‌జూర్, పాత కంప్యూటర్లలో ఉంటే చివరికి అప్లికేషన్ సపోర్ట్ 32, 64. అప్లికేషన్ సపోర్ట్ మీద మిగతావి ఆధారపడి నడుస్తాయి. దాన్ని ముందే తీస్తే మిగతా వాటి అన్‌ఇన్‌స్టాలర్లు సగంలో చతికిలబడి ఇలాంటి మిగుళ్లే వదులుతాయి. వరుసగా తీసి, రీస్టార్ట్ చేసి, మిగిలిన మొబైల్ డివైస్ సపోర్ట్ ఫోల్డర్ చేత్తో తుడిచి, మళ్లీ రీస్టార్ట్ చేసి ఇన్‌స్టాల్ చేశాం. ఈసారి సర్వీస్ లేచింది, స్టార్టప్ ఆటోమేటిక్‌లో ఉందని సర్వీసుల జాబితాలో చూసుకున్నాం. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పోయింది. ఐట్యూన్స్‌లో అప్‌డేట్, రీస్టోర్ అని రెండు బటన్లతో పెట్టె వచ్చింది. అప్‌డేట్ డేటా ఉంచుతుంది, పాస్‌కోడ్‌ను కూడా అలాగే ఉంచుతుంది. కాబట్టి ఇక్కడ పనికొచ్చేది రీస్టోరే.

ఇక రెండు అడ్డంకులు. మొదటిది 15 నిమిషాల గడువు. సాఫ్ట్‌వేర్ ఫైలు సుమారు 8 జీబీ, మా లైను 40 ఎంబీపీఎస్. లెక్క ప్రకారం 27 నిమిషాలు. డౌన్‌లోడ్ 15 నిమిషాలు దాటితే ఫోన్ రికవరీ మోడ్ నుంచి తనంతట తానే బయటికొచ్చేస్తుంది. చూసి కంగారుపడి డౌన్‌లోడ్ ఆపకూడదు. పూర్తి కానిచ్చి, ఫోన్‌ను మళ్లీ రికవరీ మోడ్‌లో పెడితే ఐట్యూన్స్ దించిన ఫైలే వాడుకుంటుంది.

రెండోది ఎర్రర్ 3194. రీస్టోర్ చేసే ప్రతిసారీ ఆ ఫోన్ చిప్ నంబరుకు, ఆ వెర్షన్‌కు యాపిల్ సర్వర్ సంతకం, అంటే అనుమతి ఇవ్వాలి. ఐఓఎస్ 14కు మళ్లీ వెళ్లలేకపోవడం కూడా అందుకే, పాత వాటికి సంతకం ఇవ్వరు. 3194 అంటే సంతకం అందలేదని. నెట్ బాగానే ఉంది కాబట్టి విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే హోస్ట్స్ ఫైలు తెరిచాం. యాపిల్ ఆంక్షలు తప్పించే పాత జైల్‌బ్రేక్ టూల్ ఒకటి వదిలి వెళ్లిన జీఎస్ డాట్ యాపిల్ డాట్ కామ్ (సంతకం ఇచ్చే సర్వర్ పేరు) లైను అక్కడ ఉంది. ఆ పేరును వేరే చోటికి మళ్లిస్తోంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి లైను ముందు హాష్ గుర్తు పెట్టి సేవ్ చేశాం. మరుసటి ప్రయత్నం ముందుకు కదిలింది.

ఇక్కడి నుంచి కేబుల్‌ను ముట్టుకోకూడదు. రీస్టోర్ మధ్యలో ఫోన్ ఒకసారి తెగి కొత్త పరికరంలా మళ్లీ కలుస్తుంది. కేబుల్ లూజుగా ఉంటే, మధ్యలో హబ్ ఉంటే 9, 4013 లాంటి ఎర్రర్లు వచ్చేది సాధారణంగా ఈ దశలోనే. కేబుల్ మెట్టును ముందే తేల్చుకోవడం ఇక్కడ ఉపయోగపడింది. పావుగంటలో "హలో" వచ్చింది.

తిరిగి వచ్చినవి, రానివి

ఊహించినట్టే ఆక్టివేషన్ లాక్ అడిగింది. ఖాతా చేతిలో ఉండటంతో నిమిషంలో దాటాం. బ్యాకప్‌ల జాబితాలో కూడా ఐదు నెలల కిందటి తేదీయే ఉంది, దాన్నే ఎక్కించాం. సిమ్ తిరిగి వేసి వాట్సాప్ నంబరు ధ్రువీకరిస్తే పాత చాట్లు ఆ తేదీ దాకా వచ్చాయి. ఆ తర్వాతి ఐదు నెలల ఫోటోలు ఈ ఫోన్ వరకు పోయినట్టే. ఆమె ఎవరెవరికి పంపారో గుర్తు చేసుకుని కుటుంబ గ్రూపులో అడిగారు. అన్నప్రాసనవి 40 దాకా చుట్టాల ఫోన్ల నుంచి వచ్చాయి. వాట్సాప్ కుదించిన సైజులో ఉన్నాయి, పెద్దగా ప్రింటు తీయడానికి పనికిరావు.

ఫోన్ ఇచ్చే ముందు ఖాతాకు ఆమె సొంత నంబరు కూడా ఓటీపీ కోసం చేర్చాం, కొడుకును ఖాతా తిరిగి తెరవడానికి సాయపడే రికవరీ కాంటాక్టుగా పెట్టించాం, ఐక్లౌడ్ 50 జీబీ తీయించాం. కొత్త పాస్‌కోడ్ పెట్టుకున్నాక మొదటి వారం రోజూ పొద్దున ఒకసారి ఫోన్ ఆపి ఆన్ చేయమన్నాం. రీస్టార్ట్ అయిన ఫోన్ మొహాన్ని ఒప్పుకోదు, కోడ్ కొట్టి తీరాలి.  బెంచి దగ్గరే మూడుసార్లు ఆపి ఆన్ చేయించాం. మూడోసారి ఆమె స్క్రీన్ వైపు చూడకుండానే కొట్టారు.